కొండకు పెట్టిన బొట్టు

మా పెదనాయన పోయిన మర్నాడు చింతామణిలో ఆయన వీధి మొగదల ఫ్లెక్సీ కట్టారు. అంత పెద్ద ముఖం ఆయనకు బతికుండగా ఎప్పుడూ లేదు. ఒక్కొక్క కన్ను రాగులు చెరిగే చేటంత ఉంది. ముక్కు రంధ్రంలో పిచ్చుకల జంట ఒకటి కాపురం పెట్టవచ్చు. ఎవరిదో పెళ్లి విందులో సెల్లుతో తీసిన ఫోటో అది. చేతిలోని ఐస్‌క్రీం కప్పును జాగ్రత్తగా కత్తిరించేశారు గానీ, ఐస్‌క్రీం తింటున్న నోటిని కత్తిరించడం ఎవరివల్లా కాలేదు. వెనకాల ఖాళీగా ఉంటే బాగుండదని స్విట్జర్లాండును తెచ్చి పెట్టారు. మంచుకొండ, కొండ మీంచి జలపాతం, జలపాతం మీద ఇంద్రధనుస్సు, దాని మీద రెండు పావురాలు. కింద కన్నడంలో భావపూర్ణ శ్రద్ధాంజలి. ఒక్క ఫోటో కోసం, మబ్బు నీడ గుడిబండె కొండ మీంచి ఇంత పక్కకు జరగాలని పూటంతా నెత్తిన తడిగుడ్డ వేసుకుని కాచుకున్న మనిషి ఆయన. ఆయన వెనక కొండను నిలబెట్టే ముందు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉండాల్సింది. ఫ్లెక్సీ కింద నిలబడి నేను నవ్వాను. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. పక్కన సోడా బండి ఆయన నన్ను వింతగా చూసి, అడగకుండానే ఒక సోడా కొట్టి చేతికిచ్చాడు.

పెదనాయన అంటే మా అమ్మ అక్క మొగుడు. మాది కన్నడ సీమలో తెలుగు మాట్లాడే బాగేపల్లి తాలూకా, పాతపాళ్య దగ్గర మెట్టపొలాల ఊరు. అక్కడ బడి అయిపోయాక చదువు కూడా అయిపోయేది గనక, పియుసి, అంటే ఇంటర్, చదవమని నన్ను చింతామణిలో పెద్దమ్మ ఇంట్లో వదిలారు. వాళ్లకు పిల్లల్లేరు. ముందు స్టూడియో, వెనక ఇల్లు, మధ్యన ఒక చీకటి గది. ఆ గదిలో ఫోటోలు కడిగేవాళ్లు. ఊరగాయ జాడీలూ అక్కడే ఉండేవి, ఎందుకంటే పెద్దమ్మ లెక్కలో రెండూ వెలుతురు తగిలితే చెడిపోయే సరుకులే. అందువల్ల మా ఇంట్లో మామిడికాయ ముక్కకు ఫోటోలు కడిగే హైపో మందు వాసనా, ఫోటోలకు ఇంగువ వాసనా వచ్చేవి. ఊరికి పంపిన ఫోటో వాసన చూసి మా నాయన "అన్నం తిన్నట్టుండాది" అనేవాడు. పొద్దున లేచి పళ్లు తోముకునే ముందే పెదనాయన వాకిట్లోకి పోయి ఆకాశం చూసేవాడు. రైతులూ చూస్తారు ఆకాశం, వానకోసం. ఈయన చూసేది మబ్బు ఏ ఆకారంలో ఉందని. వాన కురిసేటట్టుంటే ఊరంతా సంబరపడేది, ఈయన ముఖం మాత్రం వేలాడేది.

వారమంతా స్టూడియోకు రెండు రకాల ముఖాలు వచ్చేవి. పరీక్షల హాల్ టికెట్టుకు కావలసిన బతికున్న ముఖాలు ఒకటి, పటానికి కావలసిన పోయిన ముఖాలు ఒకటి. పోయినవాళ్ల తాలూకు మనుషులు ఏదో పెళ్లి గుంపు ఫోటో తెచ్చేవాళ్లు. వెనక వరుసలో ఎవరి భుజం చాటునో సగం కనపడే ముసలాయన మీద గోరు పెట్టి, "ఈయప్పను పటం చేసియ్యప్పా, దినాలు దగ్గరికొచ్చినాయి" అనేవాళ్లు. పెదనాయన ఆ తలను గుంపులోంచి ఊడబెరికేవాడు, పెంచేవాడు, సన్న పెన్సిల్‌తో కనుబొమ్మలు దిద్దేవాడు. కళ్లు మూసుకుని ఉంటే తెరిపించేవాడు. మెడ కింద ఏమీ లేకపోతే కోటు తొడిగేవాడు. బతికినన్నాళ్లూ చొక్కా లేకుండా మడక దున్నిన మనుషులు, చింతామణి చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ గోడ మీద చూసినా కోటు టైతో ఉన్నారంటే అది మా పెదనాయన పుణ్యమే. అందరిదీ ఒకే కోటు. ఎడమవైపు గుండీ ఒకటి ఊడి ఉంటుంది, కావాలంటే పోయి చూసుకోండి.

సరుకు తీసుకుపోయేవాళ్లు వచ్చేదాకా ఈ పటాలన్నీ వంటింటి గోడకు వేలాడేవి, ముందు గదిలో చోటులేక. పెద్దమ్మ అందరి ముందరా సంగటి కెలికేది. చలికాలంలో అనపకాయల రాశి ముందు కూర్చుని గింజలు పితుకుతూ వాళ్లతో మాట్లాడేది. "ఏమప్పా, అట్ల చూస్తాండావు, పితికిపప్పు కావాల్నా? మీ ఇంట్లో చేయరా?" అని ఒక కోటాయన్ను అడగటం నేను చెవులారా విన్నాను. నవ్వుతూ మాట్లాడినా, లోపల ఆమెకు భయం ఉండేది. ఆ ఇంట్లో ఫ్రేములోకి ఎక్కి మళ్లీ దిగినవాళ్లను ఆమె చూడలేదు.

అందుకే ఆమె ఫోటోకు కూర్చునేది కాదు. ఊరందరికీ ఫోటో తీసే మనిషి ఇంట్లో, ఆ ఇంటి ఆడమనిషి ఫోటో ఒక్కటీ లేదు. "మన గోడకెక్కినోళ్లలో బతికినోళ్లు ఎవరన్నా ఉండారా చెప్పు" అని మొగుణ్ణి నిలదీసేది. నిజంగానే ఎవరూ లేరు. పెళ్లి ఫోటో అయినా ఉండాలి కదా అంటారు మీరు. ఉండేదే. తీసింది పెదనాయనకు పని నేర్పిన గురువు. ఆయన భోజనానికి కూర్చున్న సమయంలో, ఫిల్ము సరిగ్గా పడిందో లేదో చూద్దామని పెళ్లికొడుకే పట్టుపంచెతో పందిట్లో కెమెరా వెనక మూత తెరిచాడు. ఎర్రటి ఎండ. పెళ్లికూతురు, తాళి, తలంబ్రాలు, ముత్తయిదువలు, గురువుగారి పరువు అన్నీ ఒక్క లిప్తలో నల్లగా మాడిపోయాయి. "ఆ పొద్దే అనుకుంటినిరా అబ్బోడా, నన్ను ఈ మనిషి ఏ కాలానికీ బొమ్మలో పట్టలేడని" అనేది పెద్దమ్మ. అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఏదో నిశ్చింత కనపడేది.

ఆదివారాలు మాత్రం వేరు. ఆదివారం ముఖాలకు సెలవు. బెంగళూరులో ఒక ముసలి స్టూడియో యజమాని దుకాణం మూసేస్తూ పెదనాయనకు ఒక చెక్క కెమెరా ఇచ్చాడు. కెమెరా అంటే మెడలో వేసుకునేది అనుకోకండి. ముందొక కన్ను, వెనక గరుకు అద్దం, మధ్యన హార్మోనియంకు ఉండేలాంటి తోలు తిత్తి. మడిచి పెట్టెలో పెడితే చిన్న పిల్లల శవపేటికలాగా ఉండేది, మోస్తే ఈనబోయే బర్రెను మోసినట్టుండేది. దానికి ముక్కాలు స్టాండు వేరే, అది నేను భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టరు పాడె కట్టెలనుకుని వెనక సీటు ఖాళీ చేయించేవాడు. ఈ కెమెరాకు రీలు ఉండదు. అరచేయంత ఫిల్ము రేకును చీకటిగదిలో తడుముతూ చెక్క చట్రంలోకి దూర్చుకోవాలి, చట్రానికి ఇటొకటి అటొకటి. ఒక్క రేకు పాడైతే పెదనాయన ఆ పూట అన్నం తినేవాడు కాదు. అందుకని కొండ దగ్గర చేరాక కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, వంగి, లేచి, స్టాండు కాలు ఒకటి రవ్వంత పొట్టిచేసి, మళ్లీ దూర్చి, మబ్బు కోసం కూర్చుని, ఇలా పూటంతా గడిచేది. మేం కట్టుకుపోయిన చిత్రాన్నం అయిపోయేది, కొండ మాత్రం ఇంకా సిద్ధం అయ్యేది కాదు.

కొండలంటే మావైపు చెట్లూ చేమలూ ఉండే కొండలు కావు. దేవుడు వేరే ఎక్కడో కట్టడానికి తెచ్చిన బండలను ఇక్కడ దించి, మరిచిపోయి వెళ్లినట్టుంటాయి. ఏనుగంత రాయి మీద ఇల్లంత రాయి, దాని మీద నిలవలేక నిలుస్తున్న ఇంకో రాయి. ఇంత కొండను అరచేయంత రేకులో పెట్టినప్పుడు ఒక చిక్కు ఉంది. "మనిషి లేకపోతే అది కొండో, రోడ్డు పక్కన కుప్పపోసిన కంకరో ఎవనికి తెలుస్తాదిరా?" అనేవాడు పెదనాయన. కాబట్టి బొమ్మలో ఎక్కడో ఒక మనిషి నిలబడాలి, వడ్లగింజంత. ఆ మనిషి పెద్దమ్మ.

"అంత దూరం నుంచి నన్నేం పట్టుకుంటాది ఆ పెట్టె" అని ఆమె లెక్క. సంతోషంగా పోయేది. చీరె కుచ్చెళ్లు దోపుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, బండమీద బల్లిలాగా పాకేది. ఆమె ఎక్కడ నిలబడాలో చెప్పడానికి పెదనాయన గొంతు అందదు గనక మధ్యదారిలో నన్ను నిలబెట్టేవాడు. నేను తువ్వాలు ఊపుతూ మాటలు చేరవేసేవాణ్ణి. "ఎడమకు జరగమను!" అని ఆయన, "ఎడమకంట పెద్దమ్మా!" అని నేను, "ఎవని ఎడమ? నాదా ఆయనదా?" అని కొండమీంచి ఆమె. గరుకు అద్దంలో లోకం తలకిందులుగా కనపడుతుంది, కుడి ఎడమలు కూడా తారుమారే. పాపం ఆయనకే తెలిసేది కాదు ఎవరి ఎడమో. ఒకసారి ఆమె దిగివచ్చి నల్లగుడ్డలో తల పెట్టి చూసింది. బండలన్నీ గబ్బిలాల్లాగా వేలాడుతున్నాయి. "ఏందప్పా ఇది, ఆకాశం కాళ్లకింద ఉండాది! ఆదివారమంతా నువ్వు చూసేది ఈ పాడుదేనా? దీనికన్నా సారా తాగేది మేలు గదా, ఇంత నడక ఉండదు" అంది.

ఆమెతో వచ్చిన కష్టం వేరు. దగ్గరి గడ్డిపరక, దూరపు బండ రెండూ గీత గీసినట్టు రావాలని పెదనాయన కెమెరా కన్నును సూదిబెజ్జమంత చేసేవాడు. అప్పుడు మూత తీసి చాలాసేపు ఉంచాలి, అంతసేపూ మనిషి ఊపిరి కూడా మెల్లగా తీయాలి. పెద్దమ్మకు అది చేతనయ్యేది కాదు. మూత తీసి ఆయన లోలోపల అంకెలు లెక్కపెట్టుకుంటుంటే పైనుంచి కేక వచ్చేది, "అయిందా అప్పా?" అని. "ఏమ్మే, కదలొద్దు! నోరు కదపొద్దు!" అని ఈయన అరుపు. "కదలొద్దంట పెద్దమ్మా!" అని నా తువ్వాలు. "నేను కదల్లే, కొంగు కదిలింది!" అని పైనుంచి. ఇంటికొచ్చి కడిగి చూస్తే కొండ రాయికి రాయి, గీతకు గీత, బండ మీద పాచి మచ్చతో సహా పడి ఉండేది. పెద్దమ్మ ఉండాల్సిన చోట చిన్న పొగ. ఎన్ని ఆదివారాలు, ఎన్ని కొండలు, అన్నిట్లోనూ పొగే. "చెప్తినా లేదా, నన్ను పట్టలేవని!" అని ఆమె ఊరగాయ జాడీ తీసుకోవడానికి వచ్చి ఆ తడి ఫోటో చూసి మురిసేది.

నా పియుసి రెండో ఏడు చలికాలానికి పెద్దమ్మకు ఆయాసం మొదలైంది. గుండెలో ఏదో తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని డాక్టరు చెప్పాడట. "మన అంగడి తలుపు మాదిరే" అని ఆమె మా అందరికీ విడమరచి చెప్పింది. సంగటి కెలుకుతూ మధ్యలో ఆగేది, తెడ్డు పట్టుకుని గోడమీది కోటాయనల వైపు చూస్తూ నిలబడేది. అయినా ఆదివారం వస్తే తానే ముందు చిత్రాన్నం కలిపేది. పెదనాయన "ఈ పొద్దు మబ్బు బాగలేదులే" అని అబద్ధం చెప్పేవాడు. ఆమె వాకిట్లోకి పోయి చూసి వచ్చి, "బాగుండాది, పద" అనేది.

ఆఖరిసారి వాళ్లు గుడిబండెకు పోయినప్పుడు నేను లేను, చిక్కబళ్లాపురంలో పరీక్ష. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి పెద్దమ్మ వాకిట్లో కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని ఉంది. పెదనాయన చీకటిగదిలో ఉన్నాడు. పెద్దమ్మ పరీక్ష ఎట్లా రాశావని అడగలేదు. నేను చెప్పే అబద్ధం సిద్ధంగా ఉన్నా ఆమె అడగలేదు. "రేయ్ అబ్బోడా, ఈ పొద్దు నీ పెదనాయన నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదురా" అంది. "మంచిదే గదా పెద్దమ్మా" అన్నాను. "మంచిదేం కాదు. నాకు బయమేస్తాండాది" అంది.

తరువాత ఆమె పడకలోనే ఉంది. ఒక మధ్యాహ్నం నేను కాఫీ లోటా పట్టుకుని గడపలో నిలబడి ఉండగా ఆమె ఆయనతో అంటున్న మాటలు విన్నాను. "నన్ను మాత్రం ఆ గోడకెక్కించొద్దప్పా. ఆ కోటోళ్ల నడమ నేనుండలేను."

"కోటు వెయ్యనులేమ్మే" అన్నాడాయన.

"నవ్వులాట కాదు. పటం వద్దు, దండ వద్దు, నా మొగానికి బొట్టు పెట్టి ముందర ఆకేసి కుచ్చోబెట్టొద్దు. పోయినోళ్ల లెక్కలో నన్ను చేర్చొద్దు. మాటియ్యి."

ఆయన అరచేయి ఎప్పుడూ ఫోటోలు కడిగే మందునీళ్లతో గోధుమరంగుగా ఉండేది. దాన్ని పంచెకు తుడిచాడు, చాలాసేపు తుడిచాడు, ఏళ్లుగా పట్టిన మరక పోతుందన్నట్టు. తరువాత ఆమె చేతిలో పెట్టాడు. నా చేతిలో కాఫీ మీద మీగడ కట్టింది.

అనపకాయలు అయిపోయే రోజుల్లో పెద్దమ్మ పోయింది.

మండికల్ నుంచి పెదనాయన సొంత అక్క దిగింది. నేను అత్తా అని పిలిచే ఆ మనిషిని గురించి మీకు ఎలా చెప్పాలి? ఆమె గొంతు విప్పితే మండికల్ డెయిరీలో పాలు విరిగేవని ప్రతీతి. ఆవులు కట్టుతాళ్లు తెంపుకునేవని కూడా నేను చెప్పగలను గానీ, సందర్భం బాగులేదు. ఏడుపంతా అయ్యాక, ముక్కు చీది, ఇల్లంతా తిరిగి, వంటింటి గోడ చూసి, ముందు గది చూసి, వచ్చి నడవలో కూర్చుంది. "పటం యాడరా?" అంది.

"లేదక్కా."

"లేదంటే? తాలూకాలో ప్రతి ముసలోనికీ పటం చేసిచ్చినోనివి, నీ పెండ్లానికి లేదా? ఆకు ఎవరి ముందర పెట్టేది, గోడ ముందరా? ఆయమ్మ ముత్తయిదువుగా పోయిందిరా, బొట్టు యాడ పెట్టాల?"

"ఆమె వద్దనింది."

"పోయేవాళ్లు నూరంటారు. వచ్చేవాళ్లు చూడొద్దా? పటం లేని దినాలు దినాలు కాదు. పటం ముందర పెట్టకుంటే నేను ఆకు ముట్టను. నేను ముట్టకుంటే మండికల్ మనిషి ఒక్కరూ ముట్టరు. నీ పెండ్లానికి తిండి పెట్టకుండా పంపినోనివి అవుతావు, నీ ఇష్టం."

ఆ చివరి మాటకు పెదనాయన తల ఎత్తాడు. ఇంతసేపూ ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి, ఒక చేతిని ఇంకో చేయి పట్టుకున్నట్టు. లేచి చీకటిగదిలోకి పోయాడు.

ఆ తరువాత ఆయన ఆ గదిలోంచి బయటికి వచ్చింది తక్కువ. ఒకసారి నేను పలకరిద్దామని పోతే కిటికీకి ఒక సందు తీసి, ఆ వెలుతురుకు ఫిల్ము రేకులు ఒక్కొక్కటే పట్టుకుని ఇత్తడి భూతద్దంతో చూస్తున్నాడు. అన్నీ కొండలే. తెల్లటి ఆకాశం నల్లగా, నల్లటి నీడలు తెల్లగా. ప్రతి కొండ మీదా ఆ చిన్న పొగ. దాన్నెంత పెంచినా పొగే పెద్దదవుతుంది. ముఖం కోసం వెతుకుతున్నాడనుకున్నాను. ఆడిన మాట తప్పబోతున్నాడని నాకు ఆ గడపలోనే అర్థమైంది, అర్థమైందనుకున్నాను. అక్కలకు జడిసే మగవాళ్లను అదివరకు చూడలేదని కాదు, మా పాతపాళ్య వైపు వాళ్లదే ఒక వీధి ఉంది. కానీ ఆయన కూడా ఆ వీధివాడేనని తెలిసినప్పుడు పలకరించకుండానే వెనక్కి తిరిగాను.

దినాల పూట ఆయన పటం తెచ్చి నడవలో గోడకు ఆనించాడు. పెద్ద పటం, వీధి తలుపులో సగం. దానిలో మనిషి లేదు. గుడిబండె కొండ ఉంది. కింద ఎండిన గడ్డి పరకకు పరక, పైన బండ మీద బండ, నడుమ గాటు పెట్టినట్టు నీడలు, అన్నిటికన్నా పైన ఒక దూదిపింజె మబ్బు. నేను చూసిన ఫోటోలన్నిట్లో అంత బాగా కుదిరింది లేదు. వచ్చినవాళ్లంతా ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. మండికల్ అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చి, వంగి, ఇంకా వంగి చూసింది.

"ఇది కొండకు పటం కట్టినట్టుండాది. నా మరదలు యాడరా?"

"దాంట్లోనే ఉండాదక్కా. మేం ఆఖర్న పోయినప్పుడు తీసింది."

"యాడ?"

పెదనాయన కుంకుమ గిన్నె నా చేతికిచ్చాడు. ఇంటికి కొడుకులాంటివాణ్ణి నేను కదా. నేను వేలు ముంచి పటం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు, నేను ఆనాడు లేను. చేయి అందినచోట, కింద బండ పంచన నీడవైపు వేలు పోతుంటే ఆయన గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. నొప్పిపుట్టేటట్టు పట్టుకున్నాడు. "ఆడ కాదు. పైన. ఈడ" అని నా వేలిని తన చేత్తో పైకి తీసుకుపోయి, అన్నిటికన్నా పైబండ మీద ఎండపడి తెల్లగా మెరుస్తున్న చుక్క మీద అదిమాడు. అద్దం మీద ఎర్రగా కందిబేడంత బొట్టు పడింది. వడ్లగింజంత మనిషి మీద కందిబేడంత బొట్టు పెడితే ఇంకేం కనపడుతుంది?

"బొట్టు కింద ఉండాది" అన్నాడు పెదనాయన, తల తిప్పుకుని.

మండికల్ అత్త బొట్టును చూసింది. బొట్టు ఉంది కాబట్టి మనిషి ఉన్నట్టే. "అదో, నిలబడుకోనుండాది చూడండి" అని పక్కవాళ్లకు చూపించింది కూడా. పటానికి దండ వేశారు. ముందర ఆకు వేసి సంగటి, పితికిపప్పు, వడలు, ఆమెకు ఇష్టమని నిమ్మకాయ చిత్రాన్నం పెట్టారు. ఒక కొండకు భోజనం వడ్డించి దండం పెట్టిన వంశం మాది. నేను దండం పెట్టలేదు. ఆమె వద్దన్నవన్నీ జరిగాయి, పటం, దండ, బొట్టు, ఆకు. మాటిచ్చిన చేతితోనే జరిగాయి.

ఆ ఏడాది తరువాత నేను చింతామణిలో లేను. పియుసి ఎలాగో గట్టెక్కాను, ఉద్యోగాలు, ఊళ్లు, సంసారం. పండక్కో, పెళ్లికో పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. పటం నడవలో ఉండేది. ఏటా దివసం నాడు ఆ బొట్టు మీద ఆయనే ఇంకో బొట్టు పెట్టేవాడు, వేరేవాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. చెక్క కెమెరాను మళ్లీ కొండకు తీసుకుపోలేదు. రేకు ఫిల్ములు దొరకడం మానేశాయని ఒక సాకు, మోకాళ్లని ఇంకో సాకు. ముందు గదిని మొబైల్ అంగడికి ఇచ్చాడు. కెమెరా అటక మీద చేరింది, దాని తోలు తిత్తిని ఎలుకలు ఎంతో ఓపికగా చదివాయి.

ఈసారి పెదనాయన కర్మలు నేనే చేయాలి గనక కొన్నాళ్లు అక్కడే ఉన్నాను. మధ్యలో ఒక పొద్దు, ఉండబట్టలేక, గుడిబండెకు పోయివచ్చాను. దారిపొడవునా కంకర లారీలు, ఒక గుట్టకు సగం చెంప లేదు. ఆ పెద్ద కొండ మాత్రం ఉంది. కింద బండ దగ్గర పడుచువాళ్లు సెల్లు చేయిచాపి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒక పిల్ల నన్ను అడిగి, "అంకుల్, కొండ పడేటట్టు తీయండి" అని సెల్లు చేతికిచ్చింది. తీశాను. చూస్తే తెరంతా ఆమె ముఖమే. కొండ ఆమె చెవి పక్కన కమ్మంత ఉంది. మా కాలంలో కొండ ముందు మనిషి వడ్లగింజ, ఈ కాలంలో మనిషి ముందు కొండ వడ్లగింజ. ఏది సరైన కొలతో నాకు తెలియదు. ఆ పిల్ల ముఖం చాలా సంతోషంగా ఉంది, కదలకుండా వచ్చింది కూడా.

పెదనాయన దినాలకు మండికల్ అత్త వచ్చింది. కొడవలిలాగా వంగిపోయింది గానీ గొంతు వంగలేదు. ఐస్‌క్రీం ముఖాన్నే చిన్నది చేసి పటం కట్టించారు, నా బలవంతం మీద స్విట్జర్లాండును తీసేసి. "ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు. ఆయమ్మ పటం దుమ్ము కొట్టుకోని ఉండాది, తుడిచి కొత్త బొట్టు పెట్టు" అని నడవలోంచి ఆజ్ఞ ఇచ్చి, తాను వాకిట్లో మంచం మీద కూర్చుంది.

నేను పటాన్ని దించి చీకటిగదిలోకి తీసుకుపోయాను. ఇప్పుడక్కడ చీకటి లేదు, ట్యూబులైటు ఉంది, ఊరగాయ వాసన కొంచెం ఉంది. ఏటికేడూ పేరుకున్న బొట్టు లక్క ముద్దలాగా గట్టిపడింది. గోటితో గీకితే రాలేదు. తడిగుడ్డ వేసి నానబెట్టి మెల్లగా తుడిచాను. ఎర్రనీళ్లు కొండమీంచి కిందికి కారాయి. అద్దం శుభ్రమయ్యాక అలమరలోంచి ఆయన ఇత్తడి భూతద్దం తీసి ఆ చుక్క మీద పెట్టి కన్ను ఆనించాను.

రాయి. పైబండ కొస మీద ఎండపడిన తెల్లటి రాతిపెచ్చు. మనిషి లేదు, పొగ కూడా లేదు.

భూతద్దాన్ని జరుపుతూ పోయాను. పైబండ, దాని కింది బండ, పగుళ్లు, పాచి, ఎప్పుడో ఎవరో సున్నంతో రాసిన ఒక పేరు. ఇంకా కిందికి. బండ పంచన, నీడలో, నా వేలు పోబోయి ఆగిన చోట, ఆమె కూర్చుని ఉంది. ఒక మోకాలు పైకి పెట్టుకుని, దాని మీద చేయి వేసి, బస్సు కోసం కూర్చున్నట్టు. చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి. ఇంకో అరచేయి కనుబొమ్మలకు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. కొంగు అంచు కూడా గీత గీసినట్టుంది. జీవితంలో ఆ ఒక్కసారి ఆమె కదల్లేదు, కదలడానికి ఊపిరి లేదు. ముఖం మీద అరచేతి నీడ పడి ముఖం తెలియదు. ఎంత పెంచినా తెలియదు. కానీ ఆ కూర్చోవడం వేరే ఎవరిదీ కాదు.

ఆ ఫోటో తీసినప్పుడు కెమెరా గరుకు అద్దంలో ఆమె కూర్చోవడం చూసి, లెమ్మనకుండా మూత తీసినవాడు ఆయన. కడిగినవాడు, భూతద్దంతో వెతికినవాడు, తలుపులో సగం అంత పెంచినవాడు ఆయన. ఆమె ఎక్కడుందో తెలియని మనిషి కాదు. మండికల్ వాళ్లు అన్నం ముట్టాలి, ఆమెకు ఆకు పడాలి, ఆమెకిచ్చిన మాట పోకూడదు. అందుకని దండ కొండకు వేయించాడు, బొట్టు రాతికి పెట్టించాడు. అన్ని ఏళ్లూ ఎవరినీ వేలు పెట్టనివ్వకుండా కాపలా కాశాడు. ఆమె మాత్రం కింద నీడలో, ఎవరి లెక్కలోనూ చేరకుండా, అయిందా అప్పా అని అడగబోతున్నట్టు కూర్చునే ఉంది. నా మణికట్టు మీద ఆ పట్టు ఇన్నేళ్ల తరువాత మళ్లీ నొప్పి పుట్టింది. ఆయన ఉంటే ఒక మాట అడిగేవాణ్ణి. ఉన్నప్పుడు అడగలేదు.

"ఏం చేస్తాండావురా లోపల? బొట్టు పెట్టినావా?" అని వాకిట్లోంచి గొంతు.

కుంకుమలో వేలు ముంచాను. పటం మీద వేలు కొంచెంసేపు గాలిలో ఆగింది. తరువాత పైకి తీసుకుపోయి, ఆ తెల్లటి రాయి మీద అదిమాను.

"పెట్టినానత్తా."

"సరిగ్గా పెట్టినావా? ఆయమ్మ మిందనే పడిందా?"

"పెదనాయన పెట్టిన చోటే పెట్టినానత్తా."